విమాన నిర్మాణము: ఎరువు విద్య, సొంత విద్య

ఎరువుల సొమ్ము బరువుల చేటని పెద్దలందురు. నగల విషయమున నీ మాట నిజమే. విద్య విషయమున మాత్రము కొంత విచారింపవలెను. పొరుగింటినుండి తెచ్చిన తోడు చుక్కతో పెరుగు పేరుకొనిన పిమ్మట, మరల ఆ యింటికి పోవలసిన పని లేదు. అయితే మన యింట పాలుండవలెను. దినదినము తోడు వేయువారును ఉండవలెను. పరదేశములనుండి యంత్రవిద్యను తెచ్చుకొను దేశముల కథయు నిట్టిదే. మన దేశమున విమానములు కట్టుట యెట్లు మొదలైనదో చూచినచో నీ సంగతి తేటపడును.

1940వ సంవత్సరము డిసెంబరు నెలలో వాల్‌చంద్ హీరాచంద్ అను పారిశ్రామికుడు బెంగుళూరున హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించెను. మైసూరు సంస్థానము భూమి నిచ్చి, మూలధనమునందును భాగము వహించెను. చీనాదేశమున విమానశాల నడపిన విలియం పాలీ అను అమెరికా వర్తకుడు యంత్రములను, నిపుణులను సమకూర్చెను. 1941లో హార్లో అను శిక్షణ విమానమును, 1942లో కర్టిస్ హాక్ అను యుద్ధవిమానమును అచ్చట కూర్చి యెగురవేసిరి. "కూర్చి" యను మాట గమనింపదగినది. నమూనా పటములు అమెరికావి. మరలు బిగించిన చేతులు మనవి.

1942లో ప్రభుత్వము కంపెనీని తన వశము చేసికొనెను. మరుసటి యేట అది అమెరికా సైన్యపు అధీనమున కేగెను. కొత్త విమానములు కట్టుట నిలిచి, యుద్ధమున నలిగిన విమానములను బాగుచేయుట ప్రధానమయ్యెను. ఇది నష్టమని తోచవచ్చును. కాని విప్పుట, అరిగిన భాగమును పరీక్షించుట, మరల కూర్చుట అను పనులలో వేలకొలది కార్మికులకు చేయి తిరిగెను. ఆ 1942లోనే బెంగుళూరు విజ్ఞానసంస్థలో విమానవిద్యకు ప్రత్యేక శాఖ యేర్పడెను. పనిశాలయు పాఠశాలయు నొక్క పట్టణమున చేరినవి.

ఫలము పదియేండ్లకు గాని కానరాలేదు. జర్మనీలో ప్రాంటల్ పండితుని వద్ద చదివివచ్చిన విష్ణు మాధవ ఘాటగే నాయకత్వమున రచింపబడిన హెచ్.టి.-2 అను శిక్షణ విమానము 1951 ఆగస్టులో ఎగిరెను. రూపకల్పన మనది. ఇంజను మాత్రము ఇంగ్లండునుండి వచ్చినది.

ఆ కొరతయే పిమ్మట మనలను బాధించెను. 1956లో కుర్ట్ టాంక్ అను జర్మను నిపుణుని రప్పించి, మారుత్ అను జెట్ యుద్ధవిమానమును రచింపజేసిరి. అది 1961 జూన్ 17వ తేదీన ఎగిరెను. కాని దాని కుద్దేశింపబడిన బలమైన ఇంజను తయారుకాలేదు. దానిని పూర్తిచేయుటకు బ్రిటిషువారు ధనసహాయ మడిగిరి, మనవారు సమ్మతింపలేదు. బలము తక్కువైన ఇంజనుతోనే పని నడిపిరి. శబ్దమునకు రెట్టింపు వేగము నాశించిన విమానము దానిలో ఇంచుమించు సగముతో తృప్తిపడవలసివచ్చెను. అయినను 1971 యుద్ధమున అది మంచి సేవ చేసెను.

1962లో సోవియట్ రష్యాతో ఒడంబడిక కుదిరి, మిగ్-21 విమానమును మన దేశమున తయారుచేయు ఏర్పాటు జరిగెను. నాసిక్‌లో విమానదేహము, కోరాపుట్‌లో ఇంజను, మన హైదరాబాదులో విద్యుత్పరికరములు. మూడు పట్టణములకు విద్య పాకెను. కాని అనుమతి పత్రముతో వచ్చు పటములో "ఇట్లు చేయుము" అని యుండును. "ఏల" అని యుండదు. ఆ "ఏల" తెలియనివాడు ఎన్ని వందల విమానములు కట్టినను, కొత్తదానిని కట్టలేడు.

బ్రెజిల్ దేశస్థులు ఈ వరుసను ముందే గ్రహించిరి. 1950లో పాఠశాలను స్థిరపరచిరి. 1969లో ఎంబ్రాయర్ కంపెనీని స్థాపించిరి. వారి బందేరాంతె విమానమునకును ఇంజను కెనడాదే. అయినను రూపకల్పన తమదగుటచే, దానిని మార్చుటకును ఇతర దేశములకు విక్రయించుటకును వారికి స్వాతంత్ర్యము కలిగెను.

2001లో తొలిసారి ఎగిరిన మన తేజస్ విమానపు ఇంజనుసైతము అమెరికాదే. అందువలన సిగ్గుపడ నవసరము లేదు, నిద్రపోవుటకును వీలులేదు. యంత్రమును ధనముతో కొనవచ్చును, పటమును ఒడంబడికతో పొందవచ్చును. "ఏల" అని యడుగు బుద్ధిని మాత్రము ఇంటనే పెంచవలెను. గ్రామములోని బాలుడు బావిమోటారును విప్పి చూడబోయినపుడు వానిని కసరక, ప్రక్కన కూర్చుండి చూపించు పెద్దలే ఆ బుద్ధికి తొలి గురువులు.