శంఖమూ నత్తే

శంఖంలో పోస్తేగాని తీర్థం కాదంటారు. ఆ శంఖం ఎక్కడిది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అని చరిత్ర పుస్తకాలు అడగలేదు. అందుకే మేము అడుగుతున్నాం.

శంఖమంటే సముద్రపు నత్త పెంకు. జీవశాస్త్రంలో దాని పేరు టర్బినెల్లా పైరమ్. వరిమడిలో పాకే నత్తలాగే ఇదీ ఉదరపాదుల తరగతిదే. మడిలో నత్తలు ఏరుకొచ్చి, ఉడకబెట్టి, సూదితో మాంసం తీసి కూర వండుకున్న మన కూలి తల్లుల్ని ‘నత్తలు తినేవాళ్లు’ అని ఊరు ఈసడించింది. గుల్లలు కాల్చిన సున్నాన్ని మాత్రం గోడలకు వేసుకుంది, తమలపాకుకు రాసుకు నమిలింది. కూరకున్న అంటు సున్నానికి లేకపోయింది!

తూత్తుక్కుడి దగ్గర మన్నారు సింధుశాఖలో ఊపిరి బిగబట్టి మునిగి శంఖాలు తీసింది పరవలు. వాళ్లు 1530లలోనే క్రైస్తవంలోకి వెళ్లారు. కీళక్కరై ముస్లింలూ ఈ వేటలో, వ్యాపారంలో ఉన్నారు. అంటే విష్ణువు చేతికి శంఖం అందించింది గుళ్లో పూజారి కాదు. 1658లో తూత్తుక్కుడిని పట్టుకున్న డచ్చివాళ్లు, వాళ్ల తర్వాత ఇంగ్లీషువాళ్లు ఈ వేటను తమ గుత్త చేసుకున్నారు. 1914లో మద్రాసు మత్స్యశాఖ అధికారి జేమ్స్ హార్నెల్ శంఖం మీద ఒక గ్రంథమే అచ్చువేశాడు. పేరులోనే ‘పవిత్ర’ అనే మాట పెట్టాడు.

కానీ నీళ్లలోంచి తీసిన శంఖంలో మాంసం ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టి, కడిగి తీయాలి. ఆ కంపు ఎవరో ఒకరు భరించారు. ఢాకాలో శంఖారులు దాన్ని అర్ధచంద్రాకారపు రంపంతో కోసి గాజులు చేశారు. గుజరాత్ తీరంలోని నాగేశ్వర్‌లో సింధు నాగరికత కాలానికే ఈ పనితనం ఉంది.

ఇప్పుడు శంఖం పక్కన డప్పు పెట్టి చూడండి. చచ్చిన పశువు తోలు ఒలిచి, లందలో సున్నంతో, తంగేడు చెక్కతో శుద్ధిచేసి డప్పు కట్టినవాడు అంటరానివాడయ్యాడు. రెండూ చచ్చిన జీవి ఒంటి నుంచి వచ్చినవే. రెండిట్లోనూ కుళ్లును కడిగిన శ్రమ ఉంది. రెండూ మోగేవే. ఒకటి గర్భగుడిలో మోగింది, రెండోదాన్ని గుడి బయటే నిలబెట్టారు. మైల చావులో ఉంటే శంఖానికీ అంటాలి కదా? అంటలేదు. ఎందుకంటే మైల వస్తువులో లేదు. ఎవరి శ్రమను అణచి ఉంచాలో వాళ్లకు పూసిన పేరు అది.

నీళ్లకూ ఇదే న్యాయం జరిగింది. శంఖంలోని నీళ్లు తీర్థమయ్యాయి. తాము తాగే చెరువు నీళ్లను మురికి చెయ్యొద్దని అడ్డుచెప్పిన పాపానికి 1985 జూలైలో కారంచేడులో మాదిగల మీద దాడిచేసి ఆరుగురిని చంపారు. పవిత్రత చరిత్రను తీర్థం దగ్గర కాదు, లంద దగ్గర, శంఖాలు కడిగిన చోట మొదలుపెట్టి రాయాలి.