డేటా సెంటర్ లెక్కల పుస్తకం: డీసీఐఎం

వర్జీనియాలోని యాష్‌బర్న్ వైపు ఉండే మనవాళ్లకు డేటా సెంటర్లు కొత్త కాదు. లోపల ఏ సర్వర్ ఎక్కడుందో లెక్క ఉంచేదే డీసీఐఎం సాఫ్ట్‌వేర్. ర్యాక్ ఎత్తును ‘యూ’లలో కొలుస్తారు. ఒక యూ అంటే 1.75 అంగుళాలు, సాధారణంగా ర్యాక్‌కు 42 యూలు. కొత్త సర్వర్‌కు ఖాళీ ఉంటే చాలదు, కరెంటు, చల్లదనం కూడా మిగిలి ఉండాలి.

సర్వర్‌కున్న రెండు పవర్ సప్లైలను వేర్వేరు లైన్లకు కలపాలి. రెండూ ఒకే లైన్‌పై ఉంటే, అది పోయిన రోజు సర్వర్ కూడా ఆగిపోతుంది. కేబుళ్ల వివరాలు నమోదై ఉంటే ఈ లోపం ముందే కనబడుతుంది.

2016లో డిజిటల్ ఓషన్ ఉచితంగా విడుదల చేసిన నెట్‌బాక్స్ ఇలాంటిదే. నేర్చుకోవాలనుకునే పిల్లలు ఇంటి కంప్యూటర్‌లోనే వేసుకుని చూడవచ్చు. ఒక్కటే నియమం: సర్వర్ కదిలిన రోజే నమోదూ మారాలి. పాత లెక్కను నమ్మి కేబుల్ పీకితే, ఆగేది వేరే సర్వర్ కావచ్చు.