బడిపిల్లలే మన తొలి నటులు



పరీక్ష అనగానే మనకు ప్రశ్నపత్రం, మార్కులు గుర్తుకు వస్తాయి. పదిమంది ఎదుట నిలబడి గొంతు విప్పవలసిన పరీక్ష మరొకటుంది. అదే నాటకం. ఉపాధ్యాయుడిగా ఏటేటా వార్షికోత్సవాలకు పిల్లలచేత నాటకాలు వేయించిన వాణ్ణి కనుక, ఆ పరీక్ష మన గోదావరి తీరాన ఎలా మొదలైందో నాలుగు మాటలు మనవి చేస్తాను.

1880లో ధార్వాడ నాటక సమాజం వారు రాజమహేంద్రవరం వచ్చి నాటకాలాడి వెళ్ళారు. వారు వేసిన పాక మిగిలింది. అక్కడ తెలుగు పండితులుగా ఉన్న కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆ పాకలోనే తమ విద్యార్థులచేత తెలుగు నాటకం ఆడించారు. షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'కు అనుసరణ అయిన 'చమత్కార రత్నావళి' అది. అందులో కవలలు రెండు జతలు. ఒకరిని చూచి మరొకరనుకోవడంలోనే కథంతా ఉంది. ఒక్క కుర్రవాడు తడబడితే అందరి మాటా తప్పుతుంది. ఆడవేషాలు కూడ మగపిల్లలే వేయవలసిన రోజులవి. ప్లీడర్ల పోకడలను ఎత్తిచూపే 'వ్యవహార ధర్మబోధిని' కూడ ఆ ఏడాదే రంగమెక్కింది.

నాటకం వేయించడమంటే ఏమిటో నాకు తెలుసు. గొంతును బట్టి వేషాలు పంచాలి. ఎవరి పోర్షను వారు వ్రాసుకుని కంఠతా పట్టాలి. అంతకంటె కష్టం, ఎదుటివాడు మాట్లాడుతుండగా ఊరుకుని వినడం! తెర లేచాక పక్కనుంచి అందించే ప్రాంప్టరు తప్ప వేరే దిక్కుండదు. ఊరంతా పరీక్షాధికారులే.

ఆ ధైర్యం వేదిక దగ్గరే ఆగిపోలేదు. 1881 డిసెంబరు 11న పంతులుగారు అదే ఊరిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు, పెద్దలెందరో ముఖం చాటేస్తే, అండగా నిలిచింది విద్యార్థులే.

తరువాత ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయులు రాజమహేంద్రవరంలో నాటక సమాజం నడిపారు. దానికోసమే చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు 'కీచకవధ', 'గయోపాఖ్యానం' వంటి నాటకాలు వ్రాశారు. నాయుడుగారు చేరదీసి చదివించిన ఒక పేద విద్యార్థి ఆ నాటకాలలో వేషాలు వేశాడు. ఆయనే టంగుటూరి ప్రకాశం పంతులుగారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీ ఎదుట రొమ్ము విప్పి నిలిచారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. అంతా నాటకం చలవేనని నేననను. కాని జనం ఎదుట నిలబడడం ఆయన చిన్ననాడే నేర్చుకున్నారు.

వీరేశలింగంగారి జయంతి ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాము. దండలు వేయడంతో సరిపెట్టుకోకుండా, మన సభ్యులలో నాటకానుభవం గలవారు దగ్గరి బడికి వెళ్ళి, పిల్లలచేత ఒక్క నాటిక వేయిస్తే బాగుంటుంది. మార్కులు బడి ఇస్తుంది. గొంతు మాత్రం మనమే ఇవ్వాలి.