నల్లమలలో ఆడబలం, మగబలం

ఆళ్లగడ్డ దాటి అహోబిలం చేరితే అక్కడి దేవుడు మన చెంచులకు అల్లుడు. ఏటా కనుమనాడు మొదలయ్యే పారువేటలో నరసింహస్వామి ఊరూరా తిరిగి చెంచులక్ష్మితో తన పెళ్లికి పిలుస్తాడని చెప్పుకుంటాం. ఆ కథలో మన ఆడబిడ్డ విల్లు పట్టిన వేటగత్తె. నేడు మన అమ్మాయి అటవీశాఖ ఉద్యోగానికి దరఖాస్తు పెడతానంటే మాత్రం "అది మగవాళ్ల పని" అనే మాటే ముందు వింటున్నాం.

మన పెద్దలు పనిని పంచుకున్న మాట నిజమే. కొండచరియకు తాడు వేసి తేనె దించేది మగవాళ్లు. పైన తాడు పట్టేది బావమరిది. వేట ఎక్కువగా మగవాళ్లది. గడ్డలు తవ్వడం, పండ్లు ఏరడం ఇద్దరిదీ. హైమెండార్ఫ్ చెంచుల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. వేటకంటే గడ్డలు, పండ్లే మన కడుపు నింపేవని అందులో ఉంది. అంటే గంప మోసిన చేయి విల్లు పట్టిన చేతికి తీసిపోలేదు.

శరీరాల్లో తేడా లేదని మేము అనడం లేదు. సగటున మగవారికి కండ ఎక్కువ, నెత్తుటిలో హిమోగ్లోబిన్ ఎక్కువ. భుజబలంలో తేడా పెద్దది, కాళ్ల బలంలో అంతకంటే తక్కువ. తాడుమీద వేలాడడానికి భుజాలు కావాలి. అడవి నడకకు కాళ్లు, ఊపిరి, ఓర్పు కావాలి. పైగా సగటు లెక్క ఏ ఒక్కరి మీదా తీర్పు కాదు. ఫిలిప్పీన్స్‌లో ఆగ్తా స్త్రీలు విల్లంబులతో వేటాడారు. పెరూలో సుమారు 9,000 ఏళ్ల నాటి ఒక యువతి సమాధిలో వేట పనిముట్లు దొరికాయని 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

బీట్ ఆఫీసర్ నడక పరీక్షలో 4 గంటల్లో మగవారు 25 కిలోమీటర్లు, ఆడవారు 16 కిలోమీటర్లు నడవాలి. ఇది దయ కాదు, శరీరాన్ని ఎరిగి పెట్టిన కొలత. 16 అనేది గడప మాత్రమే, హద్దు కాదు.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటుంది. పిల్లలను పరుగుకు పంపేముందు రక్తపరీక్ష చేయించండి. పెద్ద ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే అది రక్తహీనత. అప్పుడు ఆమె ఆయాసపడితే ఆడపుట్టుక తప్పు కాదు, తరచుగా తిండి లోటు. తిండి, మందు అందితే ఆ లోటు తీరుతుంది. "నీవల్ల కాదు" అన్న మాట నాటుకుంటే తీయడం కష్టం.