తిన్నడి కన్ను, పుక్కిటి నీళ్లు: ప్రొటెస్టెంటు కాపరుల జీవితాల నుంచి భక్తి నేర్చుకోవడం గురించి

తెలుగునాట భక్తిని సిద్ధాంతంగా చదివి నేర్చుకున్నవాళ్లు తక్కువ, భక్తుల కథలు విని నేర్చుకున్నవాళ్లే ఎక్కువ. పాల్కురికి సోమనాథుడు బసవపురాణం రాసినా, తాళ్లపాక చిన్నన్న తన తాత అన్నమయ్య చరిత్ర రాసినా, ఇద్దరూ నమ్మింది ఒకటే: ఒక మనిషి బతికిన తీరు చెబితే భక్తి అంటే ఏమిటో వినేవాడికి అర్థమవుతుంది. ఈ వినికిడిలో ఒక అలవాటు కూడా పడింది. కాళహస్తి తిన్నడి పేరు చెప్పగానే అందరికీ కన్ను పెకలించి ఇచ్చిన ఘట్టమే గుర్తొస్తుంది. అంతకు ముందు అతను రోజూ నీళ్లు పుక్కిట పట్టి తెచ్చి లింగానికి అభిషేకం చేసిన సంగతి మనసులో నిలవదు. మన క్రైస్తవ సంఘాల్లో గతకాలపు కాపరుల జీవితాలను చెప్పుకొనే తీరుకీ ఈ అలవాటే వచ్చిందని నా వాదన. స్మారక కూడికల్లో, సంచికల్లో పులులు, పాములు, రాళ్ల దాడులు, ఒక్కరోజు బాప్తిస్మాల లెక్కలు ఉంటాయి. భక్తి నేర్చుకోవాలంటే చూడవలసింది పుక్కిటి నీళ్లను, అంటే కథకు పనికిరాని రోజువారీ శ్రమను. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు ప్రాంతంలో పనిచేసిన ఆర్కాటు మిషన్ చరిత్ర ఈ వాదనను పరీక్షించడానికి మంచి చోటు.

అసలు ప్రొటెస్టెంటులకు మనుషుల జీవితాలతో పనేమిటన్న ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. పరిశుద్ధుల ఆరాధనను కాదనుకొని, వాక్యమొక్కటే చాలునని విడివడ్డ సంఘం మళ్లీ దైవజనుల పటాలకు దండలు వేయడం వైరుధ్యం కాదా? వైరుధ్యమే, దండ దగ్గరే ఆగిపోతే. కానీ 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనే 21వ అధికరణంలో ఒక గీత గీసింది: పరిశుద్ధులకు మొక్కకూడదు, వారి విశ్వాసాన్నీ క్రియలనూ గుర్తుంచుకొని ఎవరి పిలుపును బట్టి వారు అనుసరించవచ్చు. అమెరికా బోధకుడు జోనథన్ ఎడ్వర్డ్స్ 1749లో డేవిడ్ బ్రెయినర్డ్ డైరీని ప్రచురించినప్పుడు ఈ గీతకు ఇంకొక మెలిక చేర్చాడు. అమెరికా ఆదివాసుల మధ్య పనిచేసి 29 ఏళ్లకే క్షయతో చనిపోయిన ఆ యువకుడిని ఆదర్శంగా నిలుపుతూనే, అతని విషాద స్వభావాన్నీ, ఒంటికి మించి చేసిన చాకిరీనీ లోపాలుగా ముందుమాటలోనే చెప్పేశాడు. లోపం దాచని జీవితచరిత్ర మనకు ఈనాటికీ అరుదు. ఆ పుస్తకం బెంగాల్లో పనిచేస్తున్న మిషనరీ విలియం కేరీ బృందానికి చేరింది. 1805లో శ్రీరాంపూరులో వాళ్లు రాసుకున్న ఒడంబడిక, బ్రెయినర్డ్ ప్రార్థనా జీవితాన్ని తరచూ తలచుకొమ్మని చెబుతుంది. విశాఖపట్నంలో తయారైన తొలి తెలుగు సువార్తలు 1812లో అచ్చయింది ఆ శ్రీరాంపూరులోనే. ఒకరి జీవితం చూసి ఇంకొకరు భక్తి నేర్చుకోవడం తెలుగు క్రైస్తవానికి పై నుంచి తెచ్చి అతికించిన అలంకారం కాదు.

ఇక ఆ ఆర్కాటు మిషన్‌లో పనిచేసిన జేకబ్ ఛాంబర్లిన్ సంగతి. 1835లో అమెరికాలో పుట్టి, వైద్యమూ దైవశాస్త్రమూ చదివి, 1860లో మద్రాసులో దిగి, మొదట పలమనేరులో ఉండి, 1863లో మదనపల్లె చేరాడు. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలో ఉంది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అదే 1863లో అతను తెలుగు సహాయకులతో కలిసి నిజాం రాజ్యం మీదుగా గోదావరి దాటి మధ్య భారతం దాకా దాదాపు 1200 మైళ్ల ప్రయాణం చేశాడు. వరదలో చిక్కుకోవడం, పులుల అడవిలో రాత్రులు, రాళ్లు పట్టుకున్న గుంపుకు ఒక కథ చెప్పి శాంతపరచడం, ఇవన్నీ ఆ ప్రయాణంలోవే. 1896లో వచ్చిన ‘ఇన్ ద టైగర్ జంగిల్’, ఆ తర్వాత వచ్చిన ‘ద కోబ్రాస్ డెన్’ అమెరికా పాఠకులకు ఇతన్ని సాహసికుడిగా పరిచయం చేశాయి. మనం చెప్పుకొనేదీ ఆ ఛాంబర్లిన్‌నే. అయితే 1873 నుంచి 1894 వరకు, 21 ఏళ్ల పాటు, అతను తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షుడు. ఆ 21 ఏళ్లలో పులి లేదు. తెలుగులో పూర్తి బైబిలు 1854 నాటికే ఉంది. దాన్ని ఒక్కో వచనమూ హీబ్రూ, గ్రీకు మూలాలతో సరిచూడటం, ఒక మాట పండితుడికి బాగుండి పల్లెలో అర్థం కాకపోతే ఆగడం, పల్లెమాట మూలానికి దూరమైతే మళ్లీ ఆగడం, ఒప్పుకోని సభ్యులతో కూర్చొని ఒప్పించడమో ఒప్పుకోవడమో చేయడం. వచ్చిన ఫలం మీద ఒక్కరి పేరూ ఉండదు. ఈ ప్రాంతంలోని సోమల వైపు పల్లెలో ఆదివారం వాక్యం చదివే విశ్వాసికి సవరణ సంఘం ఒకటి ఉండేదన్న ఊహ కూడా రాదు. భక్తి కొలత అడిగితే నేను ఆ అడవి ప్రయాణం సాగిన అయిదు నెలల కంటే ఈ అనామకమైన 21 ఏళ్లనే ముందు పెడతాను.

ఇంకొక చిన్న సాక్ష్యం ఉంది. ఛాంబర్లిన్ 1885లో చక్రాలకు కొబ్బరికాయలు కొట్టమనే పేరుతో ఒక కరపత్రం వేశాడు. రథోత్సవంలో తేరు కదలనప్పుడు చక్రం దగ్గర కాయ కొట్టడం, మోకులకు పదిమందీ చేతులు వేసి లాగడం ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్త కాదు. ఆ దృశ్యాన్ని తీసుకొని, మనమంతా ఇలా లాగవద్దా అని తన సొంత అమెరికా సంఘాలను అడిగాడు. విగ్రహారాధన తప్పని బోధించడానికి వచ్చిన మనిషి, ఆ తేరు లాగేవాళ్ల ఏకాగ్రత దగ్గర తన సంఘం పాఠం నేర్చుకోవాలన్నాడు. పక్కవాడి భక్తిని చూసి సిగ్గుపడగలగడం కూడా భక్తిలో భాగమే. ఇది పులి కథల్లో దొరకదు.

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది. ఇవన్నీ దొరల కాలపు దొరల రాతలు. చందాల కోసం రాసినవి. ఇక్కడి మనుషులను చీకటిలో ఉన్నవాళ్లుగా చూపి తమ వెలుగును పెంచుకున్నవి. వాటి నుంచి భక్తి ఎలా నేర్చుకుంటాం? ఈ ఆక్షేపణను నేను తోసివేయను. సాహస కథల పుస్తకాలను చదివించింది చాలావరకు అమెరికా చందాదారుల కుతూహలమే. 1863 ప్రయాణంలో పాట పాడి జనాన్ని చేర్చినవాళ్లు, దారి కనుక్కున్నవాళ్లు, పుస్తకాలు అమ్మినవాళ్లు ఆ కథల్లో చాలాచోట్ల పేరు లేని ‘సహాయకులు’గానే మిగిలారు. అయితే ఈ ఆక్షేపణే నా వాదనకు ఒక విధంగా తోడు వస్తుంది. చందాదారును మెప్పించడానికి రాసింది ఏదో తెలిసినప్పుడు, మెప్పించని పని ఏదో కూడా తెలుస్తుంది. సవరణ బల్ల దగ్గర గడిచిన ఏళ్లకు పుస్తకాల్లో దక్కిన చోటు తక్కువ. చూపుకోవడానికి వీల్లేని చోట చేసిన పనిలో నటనకు సందు కూడా తక్కువ. ఇది నిరూపణ కాదు, అనుమానించి చదివే పద్ధతి మాత్రమే. ఆ పద్ధతిలో చదివితే దొరను పూజించాల్సిన అవసరమూ ఉండదు, పారేయాల్సిన అవసరమూ ఉండదు.

ఒంగోలు చరిత్ర ఈ పద్ధతికి ఇంకా గట్టి పరీక్ష. అక్కడ పనిచేసిన అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ పేరు వినగానే తెలుగు బాప్టిస్టులకు గుర్తొచ్చేది 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజులో జరిగిన 2,222 బాప్తిస్మాలు. ఆ అంకెను ప్రసంగాల్లో ఎన్నిసార్లు వాడారో లెక్కలేదు. దాని వెనక 1876–78 నాటి గొప్ప కరువు ఉంది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో వచ్చినవాళ్లకు పని, కూలి ఇప్పించాడు. సాయంత్రాలు బోధకులు వాక్యం చెప్పారు. జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని, నిజంగా కూడు కోసమే వచ్చినవాడు తర్వాత చిక్కుకోకూడదని ఆపాడు. ఇది భక్తి కాదు, మిషన్ ఎత్తుగడ అనవచ్చు. ఎత్తుగడ కూడా అయి ఉండవచ్చు. కానీ ఏళ్ల తరబడి ఏ పంట కోసం ప్రార్థించాడో ఆ పంట చేతికి వచ్చి నిలబడితే కొడవలి కింద పెట్టడం వట్టి లెక్కలతో జరిగే పని కాదు. వచ్చినవాళ్ల మనసులో కులం అవమానం నుంచి బయటపడాలన్న ఆశ కూడా ఉందని చరిత్రకారులు చెబుతారు. ఉంటే తప్పేమిటి? విడుదల కోరిక విశ్వాసానికి విరోధం కాదు. మొత్తానికి 2,222 ఒక రోజు ఫలితం. నేర్చుకోవలసింది ఆ పదిహేను నెలల నిగ్రహం.

రోజువారీ పని చేసేవాడు గుమాస్తా కూడా కావచ్చు, గుండె కరగనిదే భక్తి ఎక్కడిది అనే ఆక్షేపణ ఇంకొకటి ఉంది. దీనికి తెలుగులోనే జవాబు ఉంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) 1833లో బాప్తిస్మం పొంది, ఆ తర్వాత కాపరిగా, బోధకుడిగా దశాబ్దాలు గడిపాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం పేర్లు, కింద రచయిత పేరు కనిపిస్తాయి. ఆ కింది గీత మీద చౌదరి పేరు మళ్లీ మళ్లీ తగులుతుంది. కన్నీళ్లకు తాళం కట్టాడు ఆయన. తాళం రోజూ వేయవలసింది. కన్నీరు రోజూ రాదు. రాని రోజున కూడా పల్లవి ఎత్తుకోవడానికే ఆ పుస్తకం. దోర్నకల్ బిషపు వేదనాయగం శామ్యూల్ అజరయ్యది కూడా ఇదే మార్గం. 1912లో బిషపుగా అభిషిక్తుడై, తమిళుడైనా తెలుగు పల్లెల మధ్య బతికి, ఇవ్వడాన్ని ఆరాధనగా నేర్పాడు. పొయ్యి మీద ఎసరు మరిగేటప్పుడు ఇల్లాలు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేసే ఆచారం దక్షిణాది సంఘాల్లో ఎన్నో చోట్ల ఉంది. ఆ పిడికెడు తీసే చేతికి ఆ క్షణాన ఏ ఆవేశమూ ఉండనక్కరలేదు. ఆ ఇంట్లో రేపూ ఎసరు పెడతారు, రేపూ పిడికెడు తీస్తారు. ఆవేశం రాని రోజున చేసిందాన్ని కూడా లెక్కలోకి తీసుకోకపోతే భక్తులు ఏడాదిలో కొన్ని రోజులే భక్తులవుతారు.

కాబట్టి ఇక్కడి సంఘాలు శతవార్షిక సంచికలు వేసేటప్పుడు దొరల ఫొటోలకు ముందు పాత బాప్తిస్మ రిజిస్టర్లు, జీతాల చిట్టాలు తెరవాలని నా విన్నపం. ఉపదేశుల పేర్లు, బైబిలు స్త్రీల పేర్లు, ఎవరు ఏ పల్లెకు ఎన్నేళ్లు నడిచారన్నది దొరికితే వాటిలోనే దొరుకుతుంది. కాగితం చెదలకు పోకముందే రాసి ఉంచాలి. గుండ్లకమ్మ సంగతి కూడా ఒకటి అందులో చేర్చాలి: ఆ 2,222 మందిలో ఒక్కరికీ క్లౌ తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు. ఇద్దరిద్దరుగా వంతులు వేసుకొని నీళ్లలో నిలబడి ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు.