శిశువుల కడుపుబ్బరం: ఉపశమన పద్ధతుల చరిత్ర

పుట్టిన రెండు మూడు వారాలకు మొదలై, ఆరో వారానికి ముదిరి, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గిపోయే పసిపిల్లల ఆగని ఏడుపుకు జనగామ జిల్లా నర్మెట్ట వైపు ఇళ్ళలో చెప్పే కారణం ఒక్కటే: కడుపుబ్బింది, గ్యాస్ పట్టింది. వైద్యులు కోలిక్ అంటారు. ఎక్కువగా పొద్దుగూకినాక మొదలవుతుంది. బిడ్డ కాళ్ళు పొట్టకు ముడుచుకుని, పిడికిళ్ళు బిగించి, మొహం కందిపోయేదాకా ఏడుస్తుంది. బాలింతకు నిద్ర ఉండదు, ఇంట్లో మరెవరికీ ఉండదు. దీనికి వాడిన మందులు తరానికొకటి మారాయి. ఏది వాడినా నాలుగో నెలకు ఏడుపు ఆగేది కాబట్టి అన్నిటికీ మంచి పేరే వచ్చింది.

ఆముదం, వస, ఓమ

శిశువైద్యానికి ఆయుర్వేదంలో ప్రధాన గ్రంథం కాశ్యప సంహిత. మాటలు రాని బిడ్డ బాధను ఎట్లా పసిగట్టాలో చెప్పే అధ్యాయం అందులో ఉంది. కడుపునొప్పి ఉన్న బిడ్డ రొమ్ము వదిలేస్తుందని, పొట్ట బిగుసుకుంటుందని, మొహానికి చెమట పడుతుందని అది గుర్తులు చెబుతుంది. నేపాల్‌లో దొరికిన తాళపత్ర ప్రతి ఆధారంగా 1938లో ఇది అచ్చయ్యింది.

పల్లె ఇంటికి మాత్రం మందు చేనులోనే ఉండేది. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగం. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఆముదం పంటకు పేరుపొందినవి. గింజలను దోరగా వేయించి, రోట్లో మెత్తగా దంచి, నీళ్ళలో వేసి మరగబెడితే నూనె పైకి తేలుతుంది. దాన్ని గరిటెతో తేర్చి, తడి చిటపటలు ఆగేదాకా మళ్ళీ కాచి సీసాకెత్తుతారు. ఇదే వంటాముదం. చనుబాలలో ఇది కలిపి పట్టేదే ఉగ్గు. తమలపాకుకు ఆముదం రాసి, దీపం సెగకు వెచ్చజేసి పొట్టమీద వేయడం, ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ పట్టు వేయడం కూడా మామూలే. వస కొమ్మును దీపం మీద కాల్చి, సానమీద అరగదీసి నాలుకకు రాసేవారు. బాలింతకు ఓమ, వెల్లుల్లి కారం, శొంఠి పెట్టేవారు. ఆలుగడ్డ, శనగపప్పు వాయువు చేస్తాయని ఆపేవారు.

పొట్టమీద వెచ్చని ఆకు వల్ల, సెగ చుర్రుమననంతవరకు, హాని లేదు. నోట్లో పోసేవాటి సంగతి వేరు. ఏడ్చే పసిబిడ్డ నోట్లో, ముక్కులో నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చు. దక్షిణ భారత శిశువుల్లో ఇట్లాంటి కేసుల మీద 1973లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. వసలో ఉండే బీటా అసరోన్ వల్ల ముప్పుందని అమెరికా 1968లో దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించింది. మన దేశపు వసలో ఆ పదార్థం ఎక్కువే.

నల్లమందు, గ్రైప్ వాటర్

ఏడుపు ఆపడానికి నల్లమందు పెట్టడం ఒకప్పుడు దేశమంతటా ఉండేది. బొంబాయి మిల్లు కూలీలు పనికి పోతూ బిడ్డలకు ‘బాల గోలీ’ వేసేవారు. దీన్ని మన వెనకబాటుతనం అనుకోనక్కరలేదు. అమెరికాలో 1849 నుంచి అమ్మిన ‘మిసెస్ విన్‌స్లో’ సిరప్‌లో ఉన్నది మార్ఫిన్. అది చాలామంది పిల్లల ప్రాణం తీసింది.

అటువంటివాటి పక్కన గ్రైప్ వాటర్ సాధువు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి 1851లో దీన్ని తయారుచేశాడు. చిత్తడి నేలల్లో వచ్చే చలిజ్వరానికి పిల్లలకు ఇచ్చే మందును చూసి ఈ ఆలోచన వచ్చిందంటారు. ట్రేడ్‌మార్క్ 1876 నాటిది. సోయికూర గింజల నూనె, వంటసోడా, చక్కెర, నీళ్ళు, వాటితోపాటు 3.6 శాతం ఆల్కహాల్ అందులో ఉండేవి. బిడ్డ నిద్రపోవడంలో సోయికూర పాలెంతో, సారా పాలెంతో పాఠకులే ఊహించుకోవచ్చు. బ్రిటన్‌లో ఆల్కహాల్‌ను 1992లో తీసేశారు. మన దేశంలో మద్రాసు కేంద్రంగా 1928లో మొదలైన టి.టి. కృష్ణమాచారి సంస్థ దీన్ని ఊరూరా చేర్చింది. అమ్మ, అమ్మమ్మ, ముత్తవ్వ వరసగా ఇదే మందు చెప్పే టీవీ ప్రకటన ఎరగని తెలుగువారు తక్కువ. అమ్మమ్మ మాటకున్న విలువను ఒక సీసాకు అంటగట్టడం ఆ ప్రకటన తెలివి.

ఆ తర్వాత చుక్కల మందుల కాలం వచ్చింది. డైసైక్లోమిన్ పేగు బిగువును సడలిస్తుందని ఇచ్చారు. కొందరు శిశువులకు ఊపిరి ఆగుతున్నట్టు తేలడంతో 1980లలో ఆరు నెలల లోపువారికి ఇవ్వకూడదన్నారు. సిమెథికోన్‌తో ప్రమాదం లేదు. కానీ 1994లో జరిగిన పరీక్షలో అది ఉత్తుత్తి మందును మించలేదు. పాలలోని బ్యాక్టీరియా వర్గానికి చెందిన లాక్టోబాసిల్లస్ రాయ్‌టెరై చుక్కలు తల్లిపాలు తాగే పిల్లల్లో కొంత మేలు చేసినట్టు 2007 నుంచి ఇటలీ పరిశోధనలు చెబుతున్నాయి.

ఏడుపు లెక్క

రోజుకు మూడు గంటలు, వారానికి మూడు రోజులు, మూడు వారాలు దాటితే కోలిక్ అనే కొలతను 1954లో వెస్సెల్ బృందం ఇచ్చింది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డలకూ ఆరో వారంలో ఏడుపు పతాక స్థాయికి చేరుతుందని 1962లో బ్రెజెల్టన్ చూపాడు. గాలి వల్ల ఏడుపా, ఏడుస్తూ గాలి మింగడమా అన్నది ఇప్పటికీ తెగలేదు. భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు తట్టడం కూడా పరీక్షకు నిలవలేదు: 2015లో వెలువడిన చండీగఢ్ అధ్యయనంలో దానివల్ల కోలిక్ తగ్గలేదు, పాలు కక్కడం పెరిగింది.

ఎత్తుకోవడం సంగతి మరింత ఆసక్తికరం. మామూలుకంటే ఎక్కువసేపు ఎత్తుకుంటే ఆరో వారంలో ఏడుపు 43 శాతం తగ్గిందని 1986లో హుంజికర్, బార్ రాశారు. అయితే కోలిక్ ముదిరిన బిడ్డలకు ఆ ఫలితం రాలేదని తర్వాత బార్ బృందమే చెప్పింది. ఆఫ్రికాలోని కుంగ్ శాన్ తెగలో బిడ్డ ఎప్పుడూ ఒంటినే అంటిపెట్టుకుని ఉంటుంది. అక్కడా ఏడుపు పెరిగి తగ్గుతుంది, కాకపోతే ఏడ్చిన ప్రతిసారీ తొందరగా ఆగుతుంది.

ఈ లెక్కలతో చూస్తే పాత పురిటింట్లో ఆముదం కంటే మనుషులే పెద్ద మందనిపిస్తుంది. తొలికాన్పు తల్లిగారింట్లో. అమ్మమ్మ కాళ్ళు చాపి, వాటిమీద బిడ్డను బోర్లా వేసుకుని గోరువెచ్చని నీళ్ళు పోస్తుంది. పొట్ట ఆమె కాళ్ళకు ఆనుతుంది, వీపున చెయ్యి ఆడుతుంది. ఒళ్ళు ఆరాక చీర తొట్టెలలో వేస్తే పెద్దమ్మో, పిన్నో ఊపుతుంది. బాలింత ఓ కునుకు తీస్తుంది. పట్నంలో ఇద్దరే ఉండే ఇంట్లో ఇన్ని చేతులు లేవు. సీసా మందులు అక్కడ ఎక్కువ అమ్ముడుపోవడం వింతేమీ కాదు. ఒక జాగ్రత్త: బోర్లా వేయడం మేలుకున్నప్పుడే, చేతి కిందే. నిద్రకు వెల్లకిలే పడుకోబెట్టాలి. పచ్చగా వాంతి, జ్వరం, మలంలో నెత్తురు, పాలు తాగకపోవడం కనిపిస్తే అది గ్యాస్ అనుకోక వెంటనే ఆస్పత్రికి పోవాలి.

ఇప్పటి ఏర్పాట్లు

కాన్పులు ఆస్పత్రులకు మారడంతో మంత్రసాని పాత్ర దాదాపు ముగిసింది. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పయినవారికి 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కేసీఆర్ కిట్‌లో సబ్బు, నూనె, దోమతెర, బొమ్మలు ఇచ్చారు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుంచి చెబుతున్న మాట. ఆ లెక్కన ఓమ నీళ్ళు, గ్రైప్ వాటర్ రెండూ పనికిరానివే.

ఇంటికి వచ్చి బిడ్డను చూసే పద్ధతి నర్మెట్టకు మరీ దూరంనుంచి రాలేదు. భూపాలపల్లి జిల్లా సరిహద్దు దాటితే తగిలే గడ్చిరోలిలో అభయ్, రాణీ బంగ్ దంపతుల ‘సెర్చ్’ సంస్థ పల్లె మహిళలకు నవజాత శిశు సంరక్షణ నేర్పింది. అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్టు 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. 2011లో కేంద్రం ఆ పద్ధతిని ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా ఇంటికి రావాలి. 2018లో చేర్చిన మరో పథకం కింద వచ్చే సందర్శన మూడో నెల నిండాకే. ఏడుపు పతాక స్థాయిలో ఉండే ఆరో వారంలోనే మొదటి విడత ముగుస్తుంది. అక్కడినుంచి మూడో నెలదాకా, బిడ్డ ఎక్కువ ఏడ్చే రోజుల్లో, ఆ పట్టికలో ఎవరి రాకా లేదు.