ప్రయాణంలో పట్టెడన్నం

మీకు రెండు రోజుల ప్రయాణం పడిందనుకోండి. పిల్లవాడి పరీక్షో, దగ్గరివాళ్ళ పెళ్ళో, తిరుపతి మొక్కో, పెద్దాసుపత్రిలో చూపించుకోవడమో, పని ఏదైనా కానివ్వండి. ఏ బండికి వెళ్ళాలి, ఎక్కడ దిగాలి, ఏ చీరలు పెట్టుకోవాలి అని నాలుగు రోజుల ముందు నుంచే లెక్కలు వేస్తాం. తిండి సంగతి వచ్చేసరికి మాత్రం, “ఆఁ, దారిలో ఏదో ఒకటి తినొచ్చులే” అనేస్తాం. ఆ ‘ఏదో ఒకటి’ ఎంత పని చేస్తుందో తిరిగి వచ్చాకగాని తెలియదు. సంచిలో డబ్బు ఎటు పోయిందా అని చూసుకుంటే బజ్జీలకూ, బిస్కట్లకూ, చల్లని పానీయాలకూ పోయివుంటుంది. పైగా ఇల్లు చేరగానే ఒకరికి కడుపునొప్పి, ఇంకొకరికి వాంతులు.

మన వెనకటివాళ్ళు ఇలా అనుకోవడానికి వీల్లేకపోయింది. వాళ్ళకు దారిలో ‘ఏదో ఒకటి’ దొరికేది కాదు గనక, ముందే ఆలోచించుకోవలసి వచ్చేది. తక్కువ ఖర్చుతో, ఒళ్ళు చెడకుండా పరాయి ఊళ్ళో నాలుగు పూటలు గడపడానికి తెలుగు దేశంలో మూడు ఏర్పాట్లు వుండేవి. ఒకటి చద్దిమూట, రెండోది పూటకూళ్ళ ఇల్లు, మూడోది సత్రం. ఈవేళ ఈ మూడింటి చరిత్రా కాస్త చెప్పుకుందాం. రాజుల చరిత్రలో దీనికి పెద్ద చోటు దొరకదు. ఎందుకంటే ఇది చాలావరకు మన ఆడవాళ్ళ చేతుల చరిత్ర.

ముందు మూట సంగతి. “పెద్దల మాట చద్దిమూట” అని తరచుగా అంటూ వుంటాం. పెద్దల మాటను బంగారంతో పోల్చలేదు, రత్నాలతో పోల్చలేదు, చద్దితో పోల్చారు చూడండి! ఊరు దాటిన మనిషికి ఆకలి వేళ అక్కరకొచ్చేది కొంగున కట్టిన డబ్బు కాదు, మూటలో వున్న అన్నమే. 15వ శతాబ్దంలో బమ్మెర పోతన భాగవతం దశమ స్కంధంలో గోపబాలురు దూడల వెంట పోయి చల్దులు ఆరగించే ఘట్టం ఎంతో మురిపెంగా రాశాడు. సాక్షాత్తు శ్రీకృష్ణుడి చేతిలో కూడా మీగడపెరుగు కలిపిన చద్దిముద్ద, వేళ్ళ సందున ఊరగాయలు పెట్టాడు. ఆ ఘట్టం చదివి మనం మురిసిపోతాం. తెల్లవారకముందే లేచి ఆ మూటలు కట్టిన తల్లులు మాత్రం మనకు గుర్తుకు రారు.

ఆ తల్లుల చేతుల్లో ఒక శాస్త్రం వుంది. దారికి పెరుగన్నం కలిపేటప్పుడు పెరుగు ఎక్కువ పోయరు. అన్నం మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు పోసి, చెంచాడు పెరుగు మాత్రం వేస్తారు. అది మూటలోనే మెల్లగా తోడుకుని, తినే వేళకు కమ్మగా వుంటుంది, పులిసిపోదు. పులిహోర అయితే అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, పూర్తిగా చల్లారాక చింతపండు గుజ్జు, నూనె, ఉప్పు, పసుపు పట్టిస్తారు. ఇది రుచి కోసమే అనుకుంటున్నారా? కాదు. అన్నంలో వుండే కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉడికినా చావవని ఇప్పుడు మనకు తెలుసు. వేడి వేడి అన్నం మూతపెట్టి బిగిస్తే ఆ వెచ్చదనంలో, ఆ చెమ్మలో అవి గబగబా పెరుగుతాయి. పులుపున్న చోట వాటి పెరుగుదల మందగిస్తుంది. మన అమ్మమ్మలు సూక్ష్మజీవులను చూసివుండరు గాని, వాటిని ఎక్కడ ఆపాలో వాళ్ళకు తెలుసు.

రెండో రోజుకు అన్నం పనికిరాదు. అందుకని అప్పటికి తడి లేనివి కట్టేవారు. రాయలసీమలోనూ, తెలంగాణలోనూ గట్టిగా కాల్చిన జొన్నరొట్టెలు, వేయించి విసిరిన సత్తుపిండి, మిగతా చోట్ల అటుకులు, పేలాలు, బెల్లం. తడి లేకపోతే చెడేది లేదు. మోయడానికి బరువూ లేదు. పల్నాడు వెళ్ళి సన్నబియ్యం దొరక్క జొన్నకూడు తినవలసి వచ్చిందని శ్రీనాథ మహాకవి విసుక్కున్నట్టు చాటుపద్యాలు ప్రచారంలో వున్నాయి. ఆయన విసుక్కున్న ఆ జొన్ననే, పీచు ఎక్కువ, ఆకలి త్వరగా వేయనివ్వదు అని ఈనాడు డాక్టర్లు తినమంటున్నారు! ఇంకో సంగతి. మనం మూటలో కట్టే వేరుశనగపప్పూ, ఊరగాయలో వేసే ఎండుమిరపకాయా రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. 16వ శతాబ్దం నుంచి ఐరోపావారి ఓడల రాకపోకలతో ఇవి మనకు చేరాయి. అంతకుముందు మూటలో కారమంటే మిరియమే. కాబట్టి చద్దిమూట ఎన్నడూ మారని ఆచారమేమీ కాదు. మేలైనది ఏది కనబడినా మన ఆడవాళ్ళు అందులో చేర్చుకుంటూనే వచ్చారు.

ఇక పూటకూళ్ళ ఇల్లు. ఊరికి చేరాక మూట ఖాళీ అయితే ఏం చెయ్యాలి? డబ్బిచ్చి తినాలి. వినుకొండ వల్లభరాయుడి పేరున వున్న ‘క్రీడాభిరామం’లో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు చూడడానికి పోయి వీధులన్నీ తిరుగుతారు. ఆ ఊళ్ళో లక్ష్మణవజ్ఝల వారింట ఒక్క రూకకు ఏమేం వడ్డిస్తారో అందులో జాబితా వుంది. మేలైన బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్ళు, గడ్డపెరుగు. ఒక్కసారి ఆలోచించండి. ధాన్యం వుంది, పప్పు వుంది, పండు వుంది, పాడి వుంది. పోషకాహారం గురించి ఈనాడు గోడలకు అంటించే పటాల్లో గీసే పళ్ళెం కూడా ఇంచుమించు ఇదే కదా! నేతినీ, పంచదారనూ కాస్త తగ్గించుకుంటే చాలు.

పూటకూళ్ళ ఇళ్ళు నడిపినవారిలో దిక్కులేని ఆడవాళ్ళు ఎంతోమంది వున్నారు. భర్త పోతే ఆస్తి లేదు, మళ్ళీ పెళ్ళి లేదు, చదువు అసలే లేదు. చేతనైన పని ఒక్కటే, వంట. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో గురజాడవారు చూపించిన పూటకూళ్ళమ్మ మీకు గుర్తుండే వుంటుంది. నాటకంలో ఎంతమంది ఆమె చేతి అన్నం తిన్నా, ఆమెకు ఒక సొంత పేరైనా లేదు. ఊరికి కొత్తగా వచ్చిన వాళ్ళకు చవగ్గా, ఇంటి తిండి లాంటి తిండి పెట్టిన ఆ అమ్మలను లోకం చిన్నచూపు చూసింది. వాళ్ళ అన్నం కావాలి, వాళ్ళు మాత్రం అక్కర్లేదు!

మూడోది సత్రం. డబ్బు లేనివాడికి అదే దిక్కు. గుంటూరు సీమలోని మల్కాపురం శాసనం 1261 నాటిది, కాకతీయుల కాలానిది. గణపతిదేవుడూ, ఆయన కూతురు రుద్రమదేవీ విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చిన గ్రామాల ఆదాయంతో అక్కడ ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం నడిచాయి. ఆ సత్రంలో బ్రాహ్మణులు మొదలుకొని, అంటరానివారని లోకం దూరంగా పెట్టినవారి దాకా అందరికీ అన్నం పెట్టాలని ఏర్పాటు. ఏడున్నర శతాబ్దాల కిందటి మాట! పురుటి మంచమూ, రోగి మంచమూ, బాటసారి విస్తరీ ఒకే ధర్మం కింద చేరడం మెచ్చుకోదగ్గ విషయం.

కాని తరవాత వచ్చిన సత్రాలన్నీ అలా వున్నాయనుకోకండి. చాలా చోట్ల ఒక కులంవారికే పంక్తి. మిగిలినవారు అరుగు మీదో, చెట్టు కిందో తమ మూట తాము విప్పుకోవలసిందే. మూట కూడా లేనివారు పస్తే. చవకగా మంచి తిండి దొరకడమనేది ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అని అడగకుండా ఈ చరిత్ర చెప్పకూడదు.

కలవారి ప్రయాణాలు వేరు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. వెంట ఇంచుమించు వందమంది పరివారం. ఆయన రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. అందులో మజిలీ మజిలీకి నీళ్ళు ఎలా వున్నాయి, అంగళ్ళు వున్నాయా, బాటసారికి కావలసిన సరుకులు దొరుకుతాయా అని ఓపికగా రాసుకుంటూ పోయారు. అంతటి యాత్రలోనూ ఆయన కంటిముందు మెదిలింది రేపటి వంట సంగతే. వెనక వచ్చేవారికి దారి చెప్పడమంటే తిండి చెప్పడమే అని ఆయనకు తెలుసు.

ఇక గోదావరి లంకల్లోకి రండి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా లేదనకుండా పెట్టి, ‘అపర అన్నపూర్ణ’ అనిపించుకున్నారు. ఆమె ఒకసారి అంతర్వేది తీర్థానికి బయలుదేరారట. దారిలో ఆకలితో వస్తున్న పెళ్ళివారు, “గన్నవరం చేరితే చాలు, సీతమ్మగారింట అన్నం దొరుకుతుంది” అని పిల్లలను సముదాయించడం విని, తీర్థం మానుకుని ఇంటికి తిరిగి వచ్చేశారని చెప్పుకుంటారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. వంట చేసిన ఆడమనిషి పేరు ఇలా నిలవడం అరుదు. అందుకే గుర్తు పెట్టుకోవాలి.

ఇంతలో రైలు వచ్చింది. దక్షిణాదిన మొదటి ప్రయాణీకుల రైలు 1856 జులైలో మద్రాసు రాయపురం నుంచి వాలాజా దాకా నడిచింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన పూర్తయింది. నెలల ప్రయాణం రోజుల్లోకి వచ్చేసరికి మజిలీలు పోయాయి, మెల్లగా సత్రాలూ తగ్గాయి. మూట స్థానంలోకి టిఫిను క్యారియరు, నీళ్ళకు మరచెంబు వచ్చాయి. అందరూ ఒకే పెట్టెలో కూర్చున్నా స్వాతంత్ర్యానికి ముందు స్టేషన్లలో హిందువుల నీళ్ళు వేరు, ముస్లిముల నీళ్ళు వేరు. రైలు దూరాన్ని తగ్గించింది గాని విస్తళ్ళ మధ్య దూరాన్ని వెంటనే తగ్గించలేకపోయింది.

మన కాలానికి వస్తే పాత సత్రం కొత్త రూపంలో తిరిగి వచ్చింది. తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది. 2011లో అక్కడి పెద్ద భోజనశాలకు తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. హైదరాబాదులో 2014లో అయిదు రూపాయల భోజనం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో అన్న క్యాంటీన్లు తెరిచారు, 2019లో మూతపడ్డాయి, 2024లో మళ్ళీ తెరిచారు. 2023 డిసెంబరులో తెలంగాణలో, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకు ఆర్టీసీలో కొన్ని రకాల బస్సుల్లో టిక్కెట్టు డబ్బు లేకుండా ప్రయాణం కూడా వచ్చింది. అంటే టిక్కెట్టు ఖర్చు పోయిన చోట ఇక మిగిలేది తిండి ఖర్చే. దాన్ని మిగుల్చుదామని ఆడవాళ్ళు ఏం చేస్తున్నారు? పస్తుంటున్నారు. ఆసుపత్రిలో రోగికి తోడు వెళ్ళిన తల్లి, పరీక్ష హాలు బయట ఎండలో కూర్చున్న అమ్మ, “నాకేం ఆకలి లేదులే” అంటూ టీ నీళ్ళతో గడిపేస్తున్నారు. దారిలో మరుగుదొడ్డి వుండదేమోనని మంచినీళ్ళు కూడా తాగడం లేదు. ఇది పొదుపు కాదు సుమండీ! ఇంటికి వచ్చాక డాక్టరుకు కట్టే అప్పు.

అందుకే వెనకటి మూడు ఏర్పాట్లనూ మళ్ళీ కలిపి వాడుకుందాం. మొదటి పూటకు బాగా చల్లారాక కట్టిన పెరుగన్నమో, పులిహోరో పెట్టుకోండి. దాన్ని ఆ పూటే తినేయండి, రేపటికి దాచకండి. తరవాతి పూటలకు జొన్నరొట్టె, కందిపొడి, వేయించిన శనగలు, పల్లీలు, బెల్లం. బిస్కట్ల బదులు అరటిపండో, జామకాయో. కోసి పెట్టి అమ్మే ముక్కలు వద్దు, పండు కొని మీరే కడిగి తినండి. కాచి చల్లార్చిన నీళ్ళు ఇంటి నుంచి సీసా నిండా తెచ్చుకోండి, తెచ్చుకున్నవి తాగండి. దిగిన ఊళ్ళో రోజుకు ఒక్కసారైనా వేడి భోజనం చెయ్యండి, అది అన్నదాన సత్రమైనా సరే, చవక క్యాంటీనైనా సరే. అక్కడ తినడం నామోషీ ఏమీ కాదు. విస్తరి ముందు కూర్చున్నాక ఆ ఓరుగల్లు జాబితాను తలచుకోండి. ధాన్యం, పప్పు, కూరో పండో, పెరుగో మజ్జిగో ఈ నాలుగూ వున్నాయా అని చూసుకుంటే చాలు.

చివరిగా ఒక్క మాట. మూట కట్టే పని ఇన్ని వందల ఏళ్ళూ ఆడవాళ్ళే చేశారు. ఇకమీదట దాన్ని ఇంట్లో అందరూ పంచుకోవాలి. మగపిల్లలకు అన్నం ఆరబోయడం, రొట్టె కాల్చడం నేర్పండి, రేపు వాళ్ళు చదువులకో ఉద్యోగాలకో పరాయి ఊరు పోయినప్పుడు అదే వాళ్ళ చద్దిమూట. రైలు పెట్టెలో మూట విప్పాక అందరికీ వడ్డించి అడుగున మిగిలింది మీరు తినకండి. కట్టేటప్పుడే మీ పాలు మీరు విడిగా కట్టుకోండి, అందరితోపాటు కూర్చుని తినండి.